బొంతకు లేని పేరు కొలాజ్‌కు ఉంది

కల్హేర్ : నారాయణఖేడ్ ప్రాంతంలో నిన్నమొన్నటి వరకు బొంత లేని ఇల్లు ఉండేది కాదు. పాత చీరలు, చిరిగిన ధోవతులు, పిల్లలకు పొట్టివైన అంగీలు అన్నీ ముక్కలు చేసి, ఏ ముక్క పక్కన ఏ రంగు నప్పుతుందో చూసుకొని ముసలమ్మలు బొంతలు కుట్టేవారు. చలికాలం కప్పుకోవడానికి, ఎండాకాలం పరుచుకోవడానికి అదే. దాన్ని కళ అని ఎవరూ అనలేదు. కుట్టిన ఆమె కూడా అనుకోలేదు.

ఇదే పనిని కాగితాలతో, గుడ్డలతో, పత్రికల ముక్కలతో చేసి, చట్రం కట్టి గోడకు తగిలిస్తే పట్నంలో దానికి కొలాజ్ అని పేరు. అతికించడం అనే అర్థం గల ఫ్రెంచి మాట నుంచి ఈ పేరు వచ్చింది. 1912లో పికాసో అనే చిత్రకారుడు పేము కుర్చీ అల్లిక అచ్చువేసిన మైనపుగుడ్డ ముక్కను తన బొమ్మ మీద అతికించి, చుట్టూ చట్రానికి బదులు తాడు బిగించాడు. రంగులతోనే బొమ్మ వేయాలన్న నియమం లేదని అప్పటినుంచి లోకం ఒప్పుకున్నది. మన దేశంలో శాంతినికేతన్‌కు చెందిన వినోద్ బిహారీ ముఖర్జీ కథ మరీ విశేషమైనది. 1950లలో ఆయనకు చూపు పూర్తిగా పోయింది. అయినా పని మానలేదు. రంగు కాగితాలను కత్తిరించి అతికిస్తూ బొమ్మలు చేశాడు. సత్యజిత్ రే 1972లో ఆయనపై చిన్న సినిమా తీశాడు.

గ్యాలరీ అంటే ఏమిటి?

ఇటువంటి కొలాజ్‌లు, చిత్రాలు, శిల్పాలు పెట్టి అమ్మే దుకాణమే ఆర్ట్ గ్యాలరీ. దుకాణం అంటే కొందరికి కోపం రావచ్చు గాని, జరిగేది అదే. హైదరాబాద్ బంజారాహిల్స్‌లో 2002లో మొదలైన కళాకృతి అటువంటిదే. మాదాపూర్‌లో ప్రభుత్వానికి చెందిన స్టేట్ గ్యాలరీ ఉంది.

తెల్లటి గోడలు, ఒక్కో బొమ్మ మీద పడేలా దీపాలు, పక్కన చిన్న చీటీ. ఆ చీటీ మీద కళాకారుడి పేరు, బొమ్మ పేరు, చేసిన సంవత్సరం, దేనితో చేసిందీ, ఎంత కొలతో ఉంటాయి. పక్కన ఎర్ర చుక్క అంటించి ఉంటే అది అమ్ముడుపోయిందన్న మాట. ధరల జాబితా సాధారణంగా బల్ల దగ్గర ఉంటుంది. అమ్మిన సొమ్ములో మూడో వంతు మొదలు సగం దాకా గ్యాలరీ వారు తీసుకోవడం ఈ వ్యాపారంలో మామూలు. మిగిలినది కళాకారుడికి చేరుతుంది.

లోపలికి పోవడానికి సాధారణంగా టిక్కెట్టు ఉండదు. కొనాలన్న నిర్బంధం కూడా లేదు. అద్దాల తలుపు చూసి జంకేవారే ఎక్కువ.

మన జిల్లా వాడే

ఆ తలుపు లోపల ఉన్నది చాలామటుకు మన పల్లెలే. ప్రసిద్ధ చిత్రకారుడు కె. లక్ష్మాగౌడ్ 1940లో పూర్వపు మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టారు. చిన్నతనంలో తోలుబొమ్మలాటలు, మట్టితో చేసే అలంకరణ పనులు చూస్తూ పెరిగారు. హైదరాబాద్‌లో చదివి, 1963 నుంచి 1965 వరకు బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర శిక్షణ పొందారు. ఆయన బొమ్మల్లో కనిపించేవి మేకలు, చెట్లు, పల్లె ఆడవాళ్లు, మగవాళ్లు. తరువాత కాల్చిన మట్టితో, కంచుతో శిల్పాలు కూడా చేశారు. 2016లో భారత ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. పూర్వపు మెదక్ జిల్లాకే చెందిన సిద్దిపేట వాసి కాపు రాజయ్య కూడా పల్లె జీవితాన్నే చిత్రించి పేరు తెచ్చుకున్నారు. ఆయన 2012లో కన్నుమూశారు.

సూర్యాపేటలో 1956లో పుట్టిన జి. రవీందర్ రెడ్డి శిల్పాలు చూస్తే మనవాళ్లు పోల్చుకోకుండా ఉండలేరు. నిలువెత్తుకు మించిన ఆడవాళ్ల తలలు, కొప్పున పూలు, ఇంతేసి కళ్లు. ఊరి పొలిమేరలో పోచమ్మ కళ్లు గుర్తుకు రాక మానవు. అయితే ఇవి రాతివి కావు. ఫైబర్ గ్లాస్‌తో చేసి, నిగనిగలాడే రంగులు, బంగారు పూత వేసినవి.

కంచు బొమ్మ పోత పని కూడా మనకు కొత్త కాదు. ముందు మైనంతో బొమ్మ చేసి, దానిమీద మట్టి పూసి ఆరబెట్టి కాలుస్తారు. మైనం కరిగి కారిపోతుంది. ఆ ఖాళీలో కరిగించిన లోహం పోస్తారు. ఆదిలాబాద్ ప్రాంతపు ఓజాలు తరతరాలుగా ఈ విధంగానే బొమ్మలు పోస్తున్నారు. వారి డోక్రా పనికి 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది.

తేడా ఎక్కడ?

పని ఒకటే అయినప్పుడు ధరలో అంత తేడా ఎందుకని ఎవరైనా అడుగుతారు. నేర్పు, చదువు, కొత్తగా చెప్పాలన్న ఆలోచన కొంత కారణం. కొనేవారి డాబు కొంత. అన్నిటికీ మించి చీటీ మీద పేరు. గ్యాలరీలోని వస్తువుకు చేసినవారు ఎవరో తెలుసు, ఎప్పుడు చేశారో తెలుసు. కంచు బొమ్మ అయితే ఎన్ని పోశారో, వాటిలో ఇది ఎన్నవదో కూడా రాసి ఉంటుంది. మన బొంతకు, కుండకు ఆ పేరు లేదు.

తండాల సంగతీ ఇంతే. లంబాడీ ఆడవారు అద్దాలు, గవ్వలు, రంగు దారాలతో కుట్టుకున్న పాత బట్టలను వ్యాపారులు కొని, కోసి, సంచులుగా, గోడ అలంకరణలుగా కుట్టి అమ్మడం దేశంలో చాలాచోట్ల జరుగుతున్నదే. కుట్టిన తల్లి పేరు దాని వెంట పోదు. నెలల తరబడి పడిన శ్రమ ఎవరిదో తెలియని సరుకైపోతుంది. ఇప్పుడు కుట్టేవారు తగ్గిపోతున్నందున, ఉన్నవాటిని పోగొట్టుకుంటే మళ్లీ రావు.

చేయదగిన పనులు

ఇంట్లో పాత బొంత, కుట్టుపని బట్ట ఉంటే వెంటనే అమ్మవద్దు. ఎవరు కుట్టారు, ఏ ఊరు, ఏ సంవత్సరం అన్నది ఒక మూలన దారంతో కుట్టి ఉంచితే ఖర్చేమీ లేదు. అమ్మదలచినా, పేరుతో సహా అమ్మితే ధర అడిగే హక్కు ఉంటుంది.

రెండవది పిల్లల విషయం. పలక మీద బొమ్మలు వేసే పిల్లవాణ్ణి, మట్టితో ఎద్దులు చేసే పిల్లను పనికిరాని పని అని కసరడం మన ఇళ్లలో మామూలే. బడిలో డ్రాయింగ్ పీరియడు ఉన్నా లెక్కలకు మళ్లించడం కొత్త కాదు. ఇంటర్ పాసైనవారు చిత్రలేఖనం, శిల్పం వంటి విభాగాల్లో బి.ఎఫ్.ఎ. చదవవచ్చు. 2008లో ఏర్పడిన హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ఇందుకు ప్రవేశ పరీక్ష జరుపుతుంది. అందులో చేతితో బొమ్మ వేసి చూపాలి. చదువు ముగిసిన ప్రతివారూ లక్ష్మాగౌడ్ అవుతారని కాదు. డ్రాయింగ్ టీచర్లుగా, పత్రికల్లో, సినిమాల్లో బొమ్మలు వేసేవారిగా బతుకుతున్నవారు ఉన్నారు.

పట్నం ఆసుపత్రికో, కోర్టుకో పోయినవారు ఒక గంట మిగిలితే పిల్లలను వెంటబెట్టుకొని ఒక గ్యాలరీ చూసి రావడం మంచిది. బొమ్మ అర్థం కాకపోతే అక్కడ ఉన్నవారిని అడగవచ్చు. పక్కనున్న చీటీని మాత్రం పిల్లల చేత చదివించాలి. చేసిన పనికి పేరు రాసుకోవడం అక్కడ నేర్చుకోదగిన మొదటి పాఠం.