నాణెముపై సంవత్సరము, నాణెము వయస్సు

విదేశములకు జెందిన పాత నాణెములను సేకరించుట నాకు చిరకాలముగా నున్న యలవాటు. అది తెలిసినవారు తమ యిండ్లలో దొరకిన నాణెములను దెచ్చి, "ఇది యెక్కడిది? దీని వెల యెంత?" అని యడుగుచుందురు. నేడట్టి నాణె మొకదానిని గూర్చి చెప్పెదను. దాని వెలనుబట్టి యొక కుటుంబమున భూమి చేతులు మారవలసియుండెను.

కొంతకాలము క్రిందట నొక వృద్ధ రైతు వచ్చి, పసుపుగుడ్డ ముడి విప్పి, పెద్ద వెండి నాణెము నొకదానిని నా చేతిలో బెట్టెను. "అయ్యా, మా తాత హైదరాబాదులో నొక యరబ్బు జమేదారు కొలువున లెక్కలు వ్రాసెడివాడు. ఇది ఆయన తెచ్చినది. దీనిపై 1780 అని యున్నది. దీనిని నేను దీసికొని, బావిక్రింది యరయెకరములో నా వంతు తమ్మునికి విడిచెదనంటిని. ఎల్లుండి పెద్దమనుషులు కాగితము వ్రాయింతురు" అని చెప్పెను. ఊరిలో కొంద రది విక్టోరియా రాణి నాణెమనిరట. వెనుకనున్న రెండు తలల పక్షిని జూచి మరికొందరు గండభేరుండమనియు, విజయనగర రాయల నాణెమనియు జెప్పిరట.

నాణెము చేతికి వచ్చినపుడు మొదట నడుగవలసినది "ఎవరిది?" అని. విక్టోరియా 1819లో జన్మించెను. 1780 అని యున్న నాణెముపై నామె ముఖ ముండుటకు వీలులేదు. ఇందలి స్త్రీ తలపై మేలిముసుగును, భుజమున ముత్యములు పొదిగిన పతకమును గలిగియున్నది. చుట్టునున్న లాటిను అక్షరములలో థెరీసియా యను పేరు కనబడును. ఈమె 1740 మొదలు 1780 వఱకు ఆస్ట్రియా మున్నగు దేశముల నేలిన మరియా థెరీసా. వెనుకనున్నది గండభేరుండము కాదు. ఆ రాజవంశపు చిహ్నమైన రెండు తలల గద్ద. ఈ నాణెమునకు థాలరు అని పేరు.

రెండవ ప్రశ్న "ఎప్పటిది?" అని. పెక్కుమంది మోసపోవునది యిచ్చటనే. నేనును తొలినాళ్లలో అంకెను జూచి, యిట్టి నాణెమునకే హెచ్చు వెల యిచ్చి కొంటిని. రాణి 1780లో మరణించెను గాని, యామె నాణెము మాత్రము నిలిచినది. ఎఱ్ఱసముద్రపు తీరములందు, అరేబియాలోను, అబిసీనియాలోను, జనులు ఆ ముఖమునకే యలవాటుపడి, అందు మార్పు గలిగిన స్వీకరింపరైరి. అందుచే టంకశాలలవారు సంవత్సరమును మార్చక, 1780 అనియే ముద్రించుచు వచ్చిరి. 1858లో ఆస్ట్రియాలోనే యది చెల్లకుండపోయినను విదేశ వర్తకమునకై ముద్రణ సాగినది. 1867-68లో అబిసీనియాపై దండెత్తిన ఆంగ్లేయ ప్రభుత్వము సైతము అచ్చటి ఖర్చులకు ఈ థాలరులను దెప్పించుకొనవలసివచ్చెను. తరువాత రోము, లండను, పారిసు నగరములలోను, 1940-41 సంవత్సరములలో మన బొంబాయి టంకశాలలోను నవి తయారైనవి. వియన్నాలో నేటికిని ముద్రితమగుచున్నవి. అన్నిటిపైనను 1780 అనియే యుండును.

నిజాము రాజ్యమున కొలువు చేసిన యరబ్బులలో ననేకులు హద్రమౌతు సీమనుండి వచ్చినవారు. ఆ సీమలో థాలరు విరివిగా చెల్లినది. కావున వృద్ధుని మాట నమ్మదగినదే. అయితే యది నాణెము వచ్చిన త్రోవను దెలుపును గాని, ముద్రింపబడిన యేటిని దెలుపదు. పతకములోని ముత్యముల లెక్కను, గద్ద తోక యీకలను, అక్షరముల పోలికను బట్టి నిపుణులు ఏ కాలపుదో, ఏ టంకశాలదో నిర్ణయింతురు. మొదటి కాలపు ముద్రలు అరుదు. తరువాతివి కోట్లకొలది గలవు.

మూడవ ప్రశ్న "వెల యెంత?" అని. సరియైన థాలరు 28 గ్రాములకు గొంచెము పైగా తూగును. అనగా సుమారు రెండు తులములును, తులములో పదింట నాలుగు వంతులును. అందు ఆరు పాళ్లలో అయిదు పాళ్లు వెండి, తక్కినది రాగి. స్వచ్ఛమైన వెండి యించుమించుగా రెండు తులములుండును. దారముతో గట్టి నీటిలో వ్రేలాడదీసి తూచిన, బరువు సుమారు రెండుముప్పావు గ్రాములు తగ్గవలెను. అంతకంటె హెచ్చు తగ్గినచో తక్కువ లోహమని శంకింపవచ్చును. అంచు చుట్టును "న్యాయము, దయ" అను నర్థమిచ్చు లాటిను అక్షరములు ఉబ్బెత్తుగా నుండును. ఎవరైన అంచు గీకి వెండి దొంగిలించిన అక్షరములే చెప్పును. పోతపోసిన నకిలీలలో నవి మొద్దుబారియుండును. ఇన్ని పరీక్షలకు నిలిచిన నాణెము సామాన్యమైన తరువాతి ముద్ర యైనచో, దాని వెల అంగడిలో వెండి ధరకు మిక్కిలి దూరము పోదు.

వృద్ధుని నాణెము తూకమునకు నిలిచినది. అది నిజమైన థాలరే. కాని ముద్రనుబట్టి చూడగా తరువాతి కాలపుది. "పెద్దయ్యా, ఇది రెండు తులముల వెండి. మీ తాతగారి గుర్తుగా దీనికి వెలలేదు గాని, భూమికి మాఱుగా దీనిని దీసికొనకుడు" అంటిని. ఆయన చాలసేపు మాటలాడలేదు. పిమ్మట, "మా తమ్మునికి గూడ ఈ సంగతి తెలియదు" అని మాత్రమనెను. కాగితము మఱియొక విధముగా వ్రాయబడినదనియు, అరయెకరము ఇద్దరికిని సమానముగా వచ్చినదనియు, నాణెము దేవుని గూటిలోనే యున్నదనియు తరువాత వింటిని.

పంపకములకు మధ్యవర్తులై కూర్చుండువారు మీవంటి పెద్దలే గదా. అట్టి నాణెము మీ ముందునకు వచ్చినపుడు అంకెను జూచి వెల కట్టకుడు. మొదట తూచుడు, అంచు చూడుడు, తెలిసినవారికి చూపుడు. చింతపండుతో తోమకుడు, గీటురాయిపై గీయింపకుడు. అరుదైన ముద్రయే యైనచో నొక్క గీతచేత దాని వెల పడిపోవును. తెలియువఱకు కాగితముపై చేవ్రాలు చేయింపక నాలుగు దినము లాగుట మేలు.