హరిత హైడ్రోజన్‌కు 'ఇరిడియం' గండం
ప్రత్యామ్నాయ ఉత్ప్రేరకం కోసం ప్రయోగశాలల్లో అన్వేషణ

న్యూఢిల్లీ: నీటిలోకి విద్యుత్తును పంపి హైడ్రోజన్, ఆక్సిజన్‌లుగా విడగొట్టడం పాఠశాల విద్యార్థులకు సైతం తెలిసిన ప్రయోగమే. అదే పనిని లక్షల టన్నుల స్థాయిలో చౌకగా చేయడం ఎలాగన్నదే శాస్త్రజ్ఞులను వేధిస్తున్న ప్రశ్న. ప్లాటినం గనుల్లో ఉప ఉత్పత్తిగా అతి స్వల్పంగా లభించే ఇరిడియం అనే లోహం వద్ద ఈ ప్రశ్న ముడిపడి ఉన్నది.

జాతీయ హరిత హైడ్రోజన్ మిషన్‌కు కేంద్ర మంత్రివర్గం 2023 జనవరి 4న ఆమోదం తెలిపింది. 2030 నాటికి ఏటా 50 లక్షల టన్నుల హైడ్రోజన్ ఉత్పత్తి సామర్థ్యాన్ని సాధించాలని, లక్ష కోట్ల రూపాయలకు పైగా విలువైన ఇంధన దిగుమతులను తగ్గించుకోవాలని లక్ష్యంగా నిర్దేశించింది. విశాఖపట్నం సమీపంలోని పూడిమడకలో రోజుకు 1,500 టన్నుల హైడ్రోజన్ ఉత్పత్తికి ఉద్దేశించిన కేంద్రానికి 2025 జనవరి 8న ప్రధాని నరేంద్ర మోదీ శంకుస్థాపన చేశారు.

సిద్ధాంత రీత్యా కిలో హైడ్రోజన్ తయారీకి 39 యూనిట్ల విద్యుత్తు సరిపోవాలి. ఆచరణలో 50 యూనిట్లకు పైగా ఖర్చవుతున్నది. ధన ఎలక్ట్రోడు వద్ద ఆక్సిజన్ వెలువడే చర్య మందకొడిగా సాగడం ఇందుకు ఒక ప్రధాన కారణం. ఈ చర్యను త్వరపరచేదే ఉత్ప్రేరకం.

క్షార ద్రావణంతో పనిచేసే పాత తరహా యంత్రాలకు నికెల్ చాలు. అయితే ఎండ, గాలి హెచ్చుతగ్గులను బట్టి మారే విద్యుత్తుకు తక్షణం స్పందించగలవి ఆమ్ల పొరతో పనిచేసే కొత్త తరహా యంత్రాలు. ఆ ఆమ్ల వాతావరణంలో సాధారణ లోహాలు కరిగిపోతాయి. దీర్ఘకాలం తట్టుకొని పనిచేసేది ఇరిడియమే. ప్రపంచం మొత్తం మీద ఏడాదికి లభించే ఇరిడియం సుమారు 7, 8 టన్నులు మాత్రమే. అందులో అత్యధిక భాగం దక్షిణాఫ్రికా గనులదే. 2020 ఆరంభంలో ఔన్సుకు సుమారు 1,500 డాలర్లున్న దీని ధర 2021లో 6,000 డాలర్లు దాటింది. భారత్‌లో ఇరిడియం గనులు లేవు.

ఈ చిక్కును విప్పేందుకు రెండు మార్గాల్లో పరిశోధనలు సాగుతున్నాయి. ఇరిడియం వాడకాన్ని తగ్గించడం మొదటిది. జపాన్‌లోని రికెన్ సంస్థ శాస్త్రజ్ఞులు మాంగనీస్ ఆక్సైడ్‌పై ఇరిడియం పరమాణువులను ముద్ద కట్టకుండా విడివిడిగా పరచి, ఆ లోహం అవసరాన్ని 95 శాతం మేర తగ్గించగలిగినట్లు 2024లో ప్రకటించారు. ఆ యంత్రం 3,000 గంటలు నిరాటంకంగా పనిచేసింది. ఇరిడియాన్ని పూర్తిగా మానివేయడం రెండవ మార్గం. స్పెయిన్‌లో బార్సిలోనా సమీపంలోని ఐసీఎఫ్ఓ పరిశోధకులు కోబాల్ట్, టంగ్‌స్టన్‌ల ఆక్సైడ్ నుంచి కొంత టంగ్‌స్టన్‌ను తొలగించి, ఆ ఖాళీల్లో నీటిని బంధించారు. ఆ నీరే కవచమై కోబాల్ట్‌ను కరగకుండా కాపాడింది. అదే ఏడాది వెల్లడించిన ఈ ప్రయోగంలో ఉత్ప్రేరకం 600 గంటలకు పైగా నిలిచింది.

అయితే 600 గంటలంటే 25 రోజులు; 3,000 గంటలంటే నాలుగు నెలల పైచిలుకు. కర్మాగారంలో యంత్రం ఏళ్ల తరబడి నడవాలి. ప్రయోగశాలకు, పరిశ్రమకు మధ్య ఉన్న ఈ దూరాన్ని పూడ్చగలిగేది పరిశోధన ఒక్కటే.

భారత మిషన్‌కు కేటాయించిన రూ.19,744 కోట్లలో హైడ్రోజన్ ఉత్పత్తికి, యంత్రాల తయారీకి ప్రోత్సాహకాలుగా రూ.17,490 కోట్లు ప్రత్యేకించారు. పరిశోధన, అభివృద్ధికి దక్కినది రూ.400 కోట్లు. అంటే నూటికి రెండు రూపాయలు. ఉత్ప్రేరకం రహస్యం చేజిక్కించుకున్న దేశానికే రేపటి హైడ్రోజన్ విపణిలో పైచేయి. ఆ ప్రయత్నంలో వెనుకబడితే, నేడు చమురు కోసం పశ్చిమాసియా వైపు చూస్తున్న దేశం రేపు లోహం కోసం దక్షిణాఫ్రికా వైపు, యంత్రాల కోసం మరో దేశం వైపు చూడవలసి వస్తుంది.