పంతులమ్మకు వీసా ఎవరిస్తారు?

కాకుమాను, బాపట్ల వైపు అమెరికా వెళ్లారంటే ఎక్కువమందికి ముందు సాఫ్ట్‌వేరే గుర్తొస్తుంది. బీఈడీ చేసి పదేళ్లుగా లెక్కలు చెబుతున్న మేడమ్‌కీ అక్కడ కొలువుందంటే నమ్ముతారా? ఉంది. లెక్కలు, సైన్సు చెప్పేవాళ్లు, ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు బోధించేవాళ్లు అక్కడి బడులకు ఎప్పుడూ కరవే. చిక్కంతా వీసా దగ్గరే!

ఉద్యోగమిచ్చేది 'స్కూల్‌ డిస్ట్రిక్ట్‌'. అంటే మన జిల్లా కాదు, ఓ ప్రాంతంలోని ప్రభుత్వ బడులను నడిపే బోర్డు. హెచ్‌1బీ వీసాకు దరఖాస్తు పెట్టాల్సింది ఆ బోర్డే. ఆ ఖర్చును టీచరు నెత్తిన రుద్దకూడదు.

రుద్దితే? వాషింగ్టన్‌ పక్కనే ఉన్న ప్రిన్స్‌ జార్జెస్‌ కౌంటీ బోర్డు అదే చేసింది. అక్కడి కార్మిక శాఖ పట్టుకుంది. 1,044 మంది విదేశీ టీచర్లకు 42 లక్షల డాలర్లు తిరిగివ్వాలని 2011లో తేలింది. వారిలో ఎక్కువమంది ఫిలిప్పీన్స్‌ వాళ్లు. డబ్బయితే వచ్చింది కానీ, బోర్డు మీద రెండేళ్ల నిషేధం కూడా పడింది. దాంతో గడువు దగ్గరపడ్డ టీచర్లకు వీసా పొడిగించే దారి మూసుకుపోయింది. తప్పు బోర్డుది, ఇంటిదారి పట్టాల్సింది పంతుళ్లు! ఇదెక్కడి న్యాయమో.

ఏజెంట్ల కథ ఇంకోటి. లూసియానా బడుల్లో చేరిన దాదాపు 350 మంది ఫిలిప్పీన్స్‌ టీచర్లు తలా 16 వేల డాలర్ల దాకా కట్టారు. చాలామందివి వడ్డీ అప్పులే. రెండో ఏడాది జీతంలో పదో వంతు కూడా ఏజెంటుకే ఇవ్వాలని ఒప్పందం! కోర్టుకెక్కారు. 2012లో జ్యూరీ 45 లక్షల డాలర్లు ఇప్పించాలంది.

2025 సెప్టెంబరు 21 నుంచి మరో పిడుగు. విదేశంలో ఉన్నవారికి కొత్తగా హెచ్‌1బీ అడిగితే లక్ష డాలర్లు చెల్లించాలన్నారు. అప్పటి లెక్కలో సుమారు 88 లక్షల రూపాయలు. ఒక్క టీచరు కోసం ఏ బోర్డు అంత పెడుతుంది?

రెండో దారి జే1. కనీసం రెండేళ్ల బోధనానుభవం కావాలి. మూడేళ్లు ఇస్తారు, పొడిగిస్తే అయిదు. ఇక్కడ స్పాన్సరు సాధారణంగా బడి కాదు, అమెరికా విదేశాంగ శాఖ గుర్తించిన సంస్థ. అది ఫీజు తీసుకోవచ్చు. కాబట్టి అడిగినవాళ్లందరికీ అడ్వాన్సు ఇచ్చేయకండి. ఆ సంస్థ పేరు విదేశాంగ శాఖ జాబితాలో ఉందా? ఆఫరు లెటరు నేరుగా బోర్డు నుంచే వచ్చిందా? ఏ ఊరు, ఏ బడి, ఏ తరగతి, జీతమెంత... అన్నీ అందులో ఉన్నాయా? పొలం తాకట్టు పెట్టేముందే చూసుకోవాలి.