స్టోరేజి సర్వరు కనబడనప్పుడు చేయవలసినవి

తాతలనాటి పొలం పత్రాల నకళ్లు, పెళ్లి ఫోటోలు, పిల్లల తెలుగు పాఠాలు ఒకేచోట భద్రపరచి, ఇంట్లోని ఏ కంప్యూటరులోనైనా చూసుకొనే సాధనమే నెట్‌వర్క్ స్టోరేజి సర్వరు. అది తెరమీద కనబడకపోతే దాచినదంతా పోయిందని బెంగపడనక్కరలేదు. చాలాసార్లు తెగేది దారి మాత్రమే.

మొదట సర్వరు దీపాలను, రౌటరుకు వెళ్లే తీగను పరీక్షించండి. కరెంటు పోయి వచ్చాక సర్వరు పూర్తిగా సిద్ధం కావడానికి కొన్ని నిమిషాలు పట్టవచ్చు.

తరువాత మీ కంప్యూటరు ఐపీ సంఖ్యను చూడండి. అది 169.254తో మొదలైతే రౌటరు నుండి చిరునామా అందలేదన్నమాట. తీగనో, వైఫైనో సరిచేయాలి. అది సరిగానే ఉంటే, సర్వరు సంఖ్య మారిందేమో రౌటరు పేజీలో చూడండి. మారితే కొత్త సంఖ్యతో తెరవండి. రౌటరులోనే సర్వరుకు స్థిరసంఖ్య కేటాయిస్తే ఈ చిక్కు మళ్లీ రాదు.

సంఖ్యకు పలికి, పేరుకు పలకకపోతే లోపం పేరును గుర్తించడంలోనే ఉంది. సంఖ్యతోనే పని జరుపుకోవచ్చు.

సర్వరు పాతదైతే మరో కారణం ఉండవచ్చు. 2017 చివరి నుండి విండోస్ 10, భద్రత లేని ఎస్‌ఎంబీ 1 పద్ధతిని తొలగిస్తూ వచ్చింది. 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 ప్రో కూర్పు పాస్‌వర్డు లేని అతిథి ప్రవేశాన్ని అంగీకరించదు. సర్వరు సాఫ్ట్‌వేరును నవీకరించి, సొంత పేరు, పాస్‌వర్డు పెట్టుకోవడమే మేలు.

ఒక హెచ్చరిక: డిస్కును ఫార్మాట్ చేయమంటారా అని తెర అడిగితే ఒప్పుకోకండి. దారి బాగుపడగానే వేరొక డిస్కులో రెండవ ప్రతి తీసి ఉంచండి.