గాలిలో ఒక్క మైక్రోగ్రాము

కార్బన్ నానోట్యూబులూ గ్రాఫైటూ ఒకే మూలకంతో తయారైనవే. అయినా ఊపిరితిత్తులు ఆ రెంటినీ ఒకేలా భరించవు. నానోట్యూబుల పొడి కలిసిన గాలికి అమెరికా వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ నియోష్ 2013లో సిఫారసు చేసిన హద్దు ఘనమీటరుకు 1 మైక్రోగ్రాము. ఇది ఎనిమిది గంటల షిఫ్టు సగటు. అక్కడి చట్టంలో మాత్రం, ప్రత్యేక పరిమితి లేని దుమ్ములో ఊపిరితిత్తుల లోతుకు చేరే భాగం 5 మిల్లీగ్రాముల వరకు ఉండవచ్చు. అంటే ఐదు వేల రెట్లు.

ఈ తేడాకు మూలం కణం పరిమాణంలో ఉంది. బరువు అంతే ఉన్నా, కణాలు చిన్నవయ్యేకొద్దీ వాటి మొత్తం ఉపరితలం పెరిగి కణజాలానికి ఎక్కువగా తగులుతుంది. అందుకే టైటానియం డయాక్సైడ్ మామూలు సన్నపొడికి 2.4 మిల్లీగ్రాముల హద్దు పెట్టిన నియోష్, నానో పొడికి 0.3 దగ్గరే ఆగింది.

సిలికా, ఆస్బెస్టాస్‌ల ప్రమాదం కార్మికుల రోగాల ద్వారానే బయటపడింది. నానోట్యూబుల విషయంలో అలా దశాబ్దాలు వేచి చూడడం అన్యాయం. కాబట్టి ఎలుకల చేత 90 రోజులపాటు నానోట్యూబులు కలిసిన గాలి పీల్పిస్తారు. ఎంత మోతాదుకు వాపు, మచ్చకట్టడం మొదలవుతాయో చూస్తారు. దాన్ని మనిషి ఊపిరితిత్తుల వైశాల్యానికి, పీల్చే గాలికి, 45 ఏళ్ల ఉద్యోగకాలానికి తగినట్టు లెక్కగడతారు. ఈ లెక్కలో ప్రతి మెట్టులోనూ ఊహ ఉంటుంది. జపాన్ నిపుణులు 30 మైక్రోగ్రాముల దాకా ఒప్పుకోవడానికి కారణం అదే.

హద్దు ఎంత ఉండాలో కొలత సాధనం కూడా నిర్ణయిస్తుంది. నియోష్ 2010 ముసాయిదాలో 7 మైక్రోగ్రాములు అంది. అప్పటి పద్ధతితో నమ్మకంగా కొలవగలిగింది అంతే. పద్ధతి మెరుగుపడ్డాక అది 1కి దిగింది. ఆ స్థాయిలో ఉద్యోగకాలమంతా పనిచేసినా, తొలిదశ ఊపిరితిత్తుల మార్పులు వచ్చే అవకాశం 0.5 నుంచి 16 శాతం వరకు ఉంటుందని నియోష్ అంచనాయే చెబుతోంది. ఈ సంగతి కార్మికులకు దాచకుండా చెప్పి తీరాలి. కొలతలో ఇంకో చిక్కు కూడా ఉంది: దగ్గరలో డీజిల్ ఇంజన్ నడుస్తుంటే దాని కార్బన్ మసి కూడా లెక్కలో కలుస్తుంది. అందుకని బయటిగాలి నమూనా విడిగా తీసుకుంటారు, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో సరిచూస్తారు.

పొడిని తూచేటప్పుడు, ఒంపేటప్పుడు, సంచులు దులిపేటప్పుడు అది ఎక్కువగా గాలిలోకి లేస్తుంది. ఆ పనులను మూసిన పెట్టెల్లో, గాలిని లాగే ఫిల్టర్ల కింద చేయించాలి. రెజిన్‌లో కలిపాక ముప్పు తగ్గుతుంది గానీ, ఆ వస్తువును కోసి, రుద్దేటప్పుడు మళ్లీ దుమ్ము లేస్తుంది. కొలత అక్కడా అవసరమే.