విలన్ తాళం పగలగొట్టడు.. తాళంచెవి అడుగుతాడు!

‘ఆదిత్య 369’ వచ్చిన 1991 నుంచీ తెలుగువాళ్లకు టైమ్ మెషీన్ కొత్త కాదు. ఈ తరహా కథల్లో అందరి కళ్లూ హీరో మీదే ఉంటాయి. కానీ కంప్యూటర్ కొలువుల వైపు చూస్తున్న కుర్రాళ్లు, అమ్మాయిలు గమనించాల్సింది మాత్రం విలన్‌ని. మెషీన్ తయారుచేసే తెలివి అతనికి ఉండదు. దాన్ని బలవంతంగా లాక్కోబోతే చాలాసార్లు దెబ్బతింటాడు. అయినా ఏదో ఒక రోజు అది అతని చేతికి చిక్కుతుంది. ఎలా అంటే, తలుపు మనమే తీస్తాం. ఎందుకంటే వచ్చినవాడు మనకు తెలిసినవాడిలాగే ఉంటాడు.

‘ఇదంతా సినిమా కదా, మాకెందుకు?’ అనుకోకండి. ఇలాంటి మెషీన్ ప్రతి కంపెనీలోనూ ఒకటి ఉంది. దాని కోసం కాచుకుని కూర్చున్నవాళ్లూ ఉన్నారు. అందుకే దానికి కాపలా కాయడం ఇప్పుడొక మంచి ఉద్యోగం.

ఇద్దరు విలన్లు.. రెండు దారులు

ముందు 2016లో విక్రమ్ కుమార్ తీసిన ‘24’ సంగతి చూద్దాం. ఇందులో సూర్యవి మూడు పాత్రలు. శాస్త్రవేత్త సేతురామన్ కాలంలో ప్రయాణించే వాచీ తయారుచేస్తాడు. దాని పరిధి 24 గంటలే. కవల సోదరుడు ఆత్రేయ దానికోసం మొదట హింసకు దిగుతాడు. వాచీ దక్కదు. 26 ఏళ్లకు కోమాలోంచి లేచాక పద్ధతి మారుస్తాడు. ఈసారి సేతురామన్ కొడుకు మణి ముందుకు తండ్రినంటూ వస్తాడు. ముఖం అదే, మాట అదే. అనుమానం ఎందుకొస్తుంది? వాచీల మెకానిక్ అయిన మణి అతన్ని నమ్మి, ఆ వాచీ 26 ఏళ్లు వెనక్కి వెళ్లేలా తనే మార్చిపెడతాడు. బలం చేయలేని పని వేషం చేసింది. పైగా మోసపోయినవాడే దాని శక్తి పెంచి మరీ ఇచ్చాడు!

రెండోది 1989 నాటి హాలీవుడ్ సినిమా ‘బ్యాక్ టు ద ఫ్యూచర్’ రెండో భాగం. ఇందులో ముసలి బిఫ్ పెద్దగా నాటకమేమీ ఆడడు. 1950 నుంచి 2000 దాకా ఆటల ఫలితాలున్న పుస్తకాన్ని శాస్త్రవేత్త డాక్ చెత్తబుట్టలో పడేస్తే తీసుకుంటాడు. టైమ్ మెషీన్ గురించి వాళ్లు మాట్లాడుకున్నది చాటుగా వింటాడు. ట్యాక్సీలో వెంబడిస్తాడు. కారు దగ్గర ఎవరూ లేని ఆ కాసేపట్లో అది ఎక్కి 1955కు వెళ్లి, కుర్ర బిఫ్ చేతికి ఆ పుస్తకం ఇచ్చేసి, కారు తెచ్చి మళ్లీ అక్కడే పెట్టేస్తాడు. హీరోలకు తెలియనే తెలియదు. తమ 1985కు తిరిగొచ్చాక ఊరంతా తలకిందులైందని చూసి లబోదిబోమంటారు.

సైబర్ సెక్యూరిటీ క్లాసులో ఈ రెండింటికీ పేర్లున్నాయి. ఆత్రేయది సోషల్ ఇంజినీరింగ్, అంటే మనిషి నమ్మకాన్ని వాడుకుని లోపలికి రావడం. బిఫ్ చెత్తబుట్టలోంచి సమాచారం ఏరుకోవడాన్ని డంప్‌స్టర్ డైవింగ్ అంటారు. ఎవరూ లేని కారు ఎక్కడమంటే, ఆఫీసులో స్క్రీన్ లాక్ చేయకుండా టీకి వెళ్లినవాడి సిస్టమ్ ముందు ఇంకొకడు కూర్చోవడమే.

మన టైమ్ మెషీన్ పేరు బ్యాకప్

కంప్యూటర్ లోకంలో నిన్నటికి వెళ్లే మార్గం ఒకటుంది. అదే బ్యాకప్. డేటాబేస్ పాడైందా? రాత్రి 2 గంటలకు తీసిన కాపీకి వెళ్లిపోతాం. వైరస్ వచ్చిందా? అది రాకముందు రోజుకు వెళ్లిపోతాం. సరిగ్గా టైమ్ మెషీన్ చేసే పనే.

ఈ సంగతి నేరగాళ్లకు మనకంటే బాగా తెలుసు. రాన్సమ్‌వేర్ ముఠా ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడుగుతుంది. మంచి బ్యాకప్ ఉన్న కంపెనీ ‘పోరా’ అనేసి నిన్నటి కాపీ తెచ్చుకుంటుంది. ముఠా బేరం అక్కడితో సరి. అందుకే చాలా ముఠాలు లోపలికి రాగానే ముందు బ్యాకప్ ఎక్కడుందో వెతుకుతాయి. దాన్ని చెరిపేశాకే అసలు దాడి మొదలుపెడతాయి. వాళ్లకు మన టైమ్ మెషీన్ ఎక్కే ఉద్దేశం లేదు. మనం ఎక్కకుండా చేస్తే చాలు.

2014 జూన్‌లో కోడ్ స్పేసెస్ అనే కంపెనీకి జరిగింది ఇదే. ఇతర కంపెనీల సోర్స్ కోడ్ దాచిపెట్టడమే దాని వ్యాపారం. ఒకడు దాని అమెజాన్ క్లౌడ్ కంట్రోల్ ప్యానెల్‌లోకి చొరబడి డబ్బు డిమాండ్ చేశాడు. కంపెనీవాళ్లు పాస్‌వర్డులు మార్చబోయారు. కానీ వాడు అప్పటికే అదనంగా కొన్ని లాగిన్లు తయారుచేసుకుని ఉన్నాడు. వీళ్ల ప్రయత్నం చూసి డిలీట్ చేయడం మొదలుపెట్టాడు. డేటా పోయింది. దాని కాపీలూ చాలావరకు పోయాయి. దాదాపు 12 గంటల్లో అంతా ముగిసింది. కంపెనీ మూతపడింది. అసలు డేటా, బ్యాకప్ రెండూ ఒకే ప్యానెల్ కింద, ఒకే తాళంచెవికి లొంగేలా ఉండటమే కొంప ముంచింది.

రెండేళ్లు ఓపిక పట్టిన ఆత్రేయ

సాఫ్ట్‌వేర్‌లో మరో టైమ్ మెషీన్ గిట్. ఏ రోజు, ఏ లైను, ఎవరు మార్చారో వెనక్కి వెళ్లి చూడొచ్చు. మరి ఆ చరిత్ర రాసే అధికారమే మోసగాడి చేతికి వెళ్తే?

ఎక్స్‌జెడ్ యుటిల్స్ అనేది ఫైళ్లను కుదించే చిన్న ఉచిత సాఫ్ట్‌వేర్. లైనక్స్ ఉన్నచోటల్లా దాదాపు ఇదీ ఉంటుంది. దాన్ని ఏళ్ల తరబడి చూసుకున్నది ప్రధానంగా ఒకే ఒక్కరు. జీతం లేదు, అభిరుచితో చేసే పని. 2021 ప్రాంతంలో ‘జియా టాన్’ అనే పేరుతో ఒకరు వచ్చి సాయం చేయడం మొదలుపెట్టారు. పని శుభ్రంగా ఉండేది. ఇంతలో మరికొన్ని కొత్త పేర్లతో ‘అప్‌డేట్లు ఇంత ఆలస్యమా, ఇంకొకరికి బాధ్యత ఇవ్వండి’ అంటూ ఒత్తిడి చేసే మెయిళ్లు వచ్చాయి. అలసిపోయిన మనిషికి పక్కనే ఓపిగ్గా పనిచేసేవాడు కనిపిస్తుంటే ఏమనిపిస్తుంది? మెల్లగా అధికారాలు ఇచ్చారు.

2024 ఫిబ్రవరి, మార్చిలలో విడుదలైన 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి చేరింది. లైనక్స్ సర్వర్లలోకి రహస్యంగా దూరేందుకు పనికొచ్చే దారి అది. అందులోని తెలివి చూడండి. ఆ దొంగదారిని పనిచేయించే స్క్రిప్టు ముక్క గిట్ చరిత్రలో ఉండదు. విడుదల ప్యాకేజీలో మాత్రమే ఉంటుంది. గిట్‌లో వెనక్కి వెళ్లి చూసినా అది దొరకదన్నమాట.

దీన్ని పట్టుకున్నది ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే మైక్రోసాఫ్ట్ ఇంజినీరు. ఆయన పని సెక్యూరిటీ కాదు, డేటాబేస్. తన టెస్ట్ సిస్టమ్‌లో లాగిన్ అర సెకను ఆలస్యం అవుతోందని గమనించారు. ‘అర సెకనే కదా’ అని వదిలేయకుండా తవ్వుకుంటూ వెళ్లి 2024 మార్చి 29న ప్రపంచానికి చెప్పారు. దానికి 10కి 10 తీవ్రత స్కోరు పడింది. అప్పటికి ఆ వెర్షన్లు ఎక్కువ సర్వర్లకు చేరలేదు కాబట్టి బతికిపోయాం. జియా టాన్ అసలు ఎవరో ఇప్పటికీ బయటపడలేదు.

ఇందులో ఫ్రెషర్లకు రెండు పాఠాలు. ఒకటి, ఒక్క మనిషి నెత్తిన మొత్తం భారం పెట్టి వదిలేస్తే మోసగాడికి దారి వేసినట్టే. రెండు, ‘ఇదేంటి ఇలా ఉంది?’ అనే చిన్న అనుమానాన్ని వదలనివాడే ఈ రంగంలో రాణిస్తాడు.

కరెంటు పోయి కాపాడింది

2017 జూన్ 27న నాట్‌పెట్యా అనే మాల్‌వేర్ ప్రపంచాన్ని కుదిపింది. ఉక్రెయిన్‌లో కంపెనీలు పన్ను లెక్కలకు వాడే ఒక సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ రూపంలో అది వచ్చింది. నమ్మకమైన చోటినుంచి వచ్చింది కాబట్టి ఎవరూ ఆపలేదు. స్క్రీన్ మీద డబ్బు కడితే ఫైళ్లిస్తామని ఉంటుంది. నిజానికి కట్టినా తిరిగిరావు. అదీ వేషమే.

నౌకా రవాణా దిగ్గజం మేర్స్క్ దీని దెబ్బకు కుదేలైంది. ఎవరు లోపలికి రావచ్చో, ఎవరు రాకూడదో నిర్ణయించే డొమైన్ కంట్రోలర్లు ప్రపంచమంతా ఒకదానితో ఒకటి అనుసంధానమై ఉండటంతో అన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. ఒక్కటి మిగిలింది. ఆఫ్రికాలోని ఘనా ఆఫీసులో దాడి సమయానికి కరెంటు లేక అది నెట్‌వర్క్‌లో లేదు! ఆ ఒక్క కాపీయే ఆధారంగా కంపెనీ తేరుకుంది. 10 రోజుల్లో 4,000 సర్వర్లు, 45,000 కంప్యూటర్లు మళ్లీ సిద్ధం చేయాల్సి వచ్చిందని సంస్థ ఛైర్మన్ తర్వాత చెప్పారు.

మన దేశంలో 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్‌పై దాడి జరిగింది. 5 సర్వర్లలో సుమారు 1.3 టెరాబైట్ల డేటాకు దుండగులు తాళం వేశారు. ఓపీ చీటీల నుంచి రిపోర్టుల దాకా రోజుల తరబడి చేతిరాతే దిక్కయింది. దాడి తగలని ఒక బ్యాకప్ సర్వర్ నుంచి ఈ-హాస్పిటల్ డేటా వెనక్కి తెచ్చామని ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది. క్యూలో నిలబడ్డ రోగికి బ్యాకప్ అనే మాట తెలియకపోవచ్చు. అతని పాత రిపోర్టులు దొరకడం మాత్రం దాని పుణ్యమే.

కాపలా ఎలా?

ఇంటర్వ్యూలో అడిగే ప్రశ్నలూ ఇవే, ఉద్యోగంలో చేసే పనీ ఇదే.

3-2-1 సూత్రం: డేటాకు 3 కాపీలు, 2 రకాల పరికరాల మీద, అందులో 1 వేరే చోట. దీనికి ఇంకోటి కలపండి. కనీసం ఒక కాపీ నెట్‌వర్క్‌కు అందకుండానో, గడువు దాకా ఎవరూ చెరపలేకుండానో ఉండాలి. ఘనాలో కరెంటు కోత చేసిన పని మనం కావాలని చేయడమే ఇది.

వేరే తాళంచెవి: అసలు సిస్టమ్ నడిపే లాగిన్‌తో బ్యాకప్ చెరిపే వీలుండకూడదు. ఎవరికి ఎంత పనో అంతే అధికారం. దీన్నే లీస్ట్ ప్రివిలేజ్ అంటారు.

ముఖం చాలదు: ఆత్రేయ ముఖం సరిపోయింది, మనిషి కాదు. పాస్‌వర్డ్‌తో పాటు రెండో రుజువు కావాలి. మేనేజర్ గొంతుతో ఫోన్ వచ్చినా, పెట్టేసి మనకు తెలిసిన నంబరుకు మనమే చేసి అడగాలి.

ఇద్దరి సంతకం: బ్యాకప్ తొలగించడం, అడ్మిన్ హక్కులివ్వడం లాంటివి ఒక్కరి క్లిక్‌తో జరగకూడదు.

రీస్టోర్ డ్రిల్: 2017 జనవరిలో గిట్‌ల్యాబ్ ఇంజినీరు పొరపాటున అసలు డేటాబేస్ చెరిపేస్తే, తీరా చూసుకునేసరికి రోజూ వస్తున్నాయనుకున్న బ్యాకప్‌లు రావడం లేదు. వెనక్కి తెచ్చి చూడని బ్యాకప్‌ను లెక్కలోకి తీసుకోకండి.

కొలువులు ఎక్కడ?

ఐడెంటిటీ అండ్ యాక్సెస్ మేనేజ్‌మెంట్ (ఐఏఎం) అనలిస్ట్ పని, ఎవరికి ఏ తలుపు తెరుచుకోవాలో చూడటం. వింతైన లాగిన్లను పగలూ రాత్రీ కనిపెట్టేవాళ్లు సాక్ అనలిస్టులు. బ్యాకప్ అండ్ రికవరీ ఇంజినీర్లు, ఇన్సిడెంట్ రెస్పాన్స్ బృందాలు, ఆడిట్ చేసేవాళ్లు కూడా ఈ కోవలోకే వస్తారు. సైబర్ ఘటన తెలిసిన 6 గంటల్లో సెర్ట్-ఇన్‌కు సమాచారం ఇవ్వాలని 2022 నుంచి నిబంధన ఉంది. రాత్రి 3 గంటలకు ఫోనెత్తి ఏం జరిగిందో తేల్చగల మనుషులు సంస్థలకు కావాల్సిందే.

సీఎస్ఈ వాళ్లకే అనుకోనక్కర్లేదు. ఈసీఈ, డిప్లొమా, బీఎస్సీ చదివినవాళ్లూ రావచ్చు. లైనక్స్, నెట్‌వర్కింగ్, యాక్టివ్ డైరెక్టరీ, ఏదో ఒక క్లౌడ్‌లో ఐఏఎం, కొంచెం పైథాన్ వస్తే మొదటి మెట్టు ఎక్కినట్టే. పికోసీటీఎఫ్, పోర్ట్‌స్విగ్గర్ వెబ్ సెక్యూరిటీ అకాడమీలలో ఉచితంగా సాధన చేయొచ్చు. ఎన్‌పీటెల్ పాఠాలూ ఉన్నాయి. ఒక్క హెచ్చరిక, నేర్చుకున్నది ప్రయోగించి చూద్దామని అనుమతి లేని సిస్టమ్ జోలికి వెళ్లొద్దు. ఇంకొకరిలా నటించి కంప్యూటర్ ద్వారా మోసం చేస్తే ఐటీ చట్టం 66డి కింద మూడేళ్ల దాకా జైలు. మీరే మోసపోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

రెజ్యూమెలో రాసుకునేందుకు చిన్న ప్రాజెక్టు ఒకటి. ఈ ఆదివారం మీ ఫైనలియర్ ప్రాజెక్టుకు 3-2-1 పద్ధతిలో కాపీలు తీయండి. ఇంకో ఫ్రెండ్ ల్యాప్‌టాప్ మీద మొత్తం మళ్లీ నిలబెట్టండి. ఎంతసేపు పట్టింది, ఏ ఫైలు రాలేదు, పాస్‌వర్డులు, ఏపీఐ కీలు గిట్‌హబ్‌లో ఎవరికైనా కనిపించేలా ఉన్నాయా.. అన్నీ ఒక పేజీలో రాసిపెట్టండి. ‘బ్యాకప్ గురించి నీకేం తెలుసు?’ అని అడిగితే నిర్వచనం అప్పజెప్పకుండా ఆ పేజీ వాళ్ల ముందు పెట్టండి.