రంగం కథకి ఊరు కావలెను

(కమ్యూనిటీ రేడియోలో చేసిన ప్రసంగానికి పాఠ్యరూపం)

ఈ వేళకి మీరు పాత పాటలు వినడానికి అలవాటుపడ్డారని తెలుసు. ఇవాళ పాటలు లేవు, ఓ పావుగంట నా మాటలు భరించాలి. నేను వృత్తిరీత్యా కంప్యూటర్లవాణ్ణి. సినిమాలతో నాకున్న సంబంధమల్లా టికెట్టు కొనడమే. అయినా పాతకాలపు కథల్ని ఏ ఊళ్ళో తీస్తారు, అక్కడే ఎందుకు తీస్తారు అన్న విషయం మీద మాట్లాడతానని ఒప్పుకున్నానంటే దానికి కారణం మా నాయనమ్మ.

ఆవిడ ఉండేది విశాఖపట్నంలో, బర్మా క్యాంపులో. 1960ల్లో బర్మా ప్రభుత్వం దుకాణాలూ వ్యాపారాలూ జాతీయం చేశాక ఓడలెక్కి తిరిగొచ్చిన తెలుగువాళ్ళు నిలదొక్కుకున్న పేట అది. నాయనమ్మ పుట్టింది ట్వంటే దగ్గర. ఆవిడ మాత్రం ఆ దేశమంతటినీ కలిపి 'రంగం' అనే అనేది. మన ఉత్తరాంధ్ర పాతతరం నోట రంగూను రంగమే.

2017లో హిందీలో 'రంగూన్' అని ఓ సినిమా వచ్చింది. రెండో ప్రపంచయుద్ధం నాటి కథ. సెలవులకి వెళ్ళినప్పుడు అది టీవీలో వస్తుంటే పేరు చూసి నాయనమ్మని పిలిచి కూచోబెట్టాను. పది నిమిషాలు చూసి, "ఇదేటిరా, అన్నీ కొండలే! మా కాడ కొండలెక్కడివి?" అని లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆవిడ తప్పు పట్టింది సరైనచోటే. ఆ సినిమాలో బర్మా అడవులుగా చూపించినది మన అరుణాచల్ ప్రదేశ్‌ని. అప్పటినుంచీ నాకిదో పిచ్చిలా పట్టుకుంది. బర్మా కథలతో వచ్చిన సినిమాల్ని ఎక్కడెక్కడ తీశారా అని వెతకడం మొదలుపెట్టాను. 1945 నాటి 'ఆబ్జెక్టివ్ బర్మా' కాలిఫోర్నియాలో తీశారు. గ్రెగరీ పెక్ నటించిన 'పర్పుల్ ప్లెయిన్' (1954) సింహళంలో. బర్మా రైలుమార్గం కథ 'బ్రిడ్జ్ ఆన్ ద రివర్ క్వాయ్' (1957) కూడా సింహళంలోనే. 1995లో వచ్చిన 'బియాండ్ రంగూన్' మలేషియాలో. ఆంగ్ సాన్ సూకీ మీద తీసిన 'ద లేడీ' (2011) కోసం థాయిలాండ్‌లో ఆవిడ ఇంటిని మళ్ళీ కట్టారు. ఆ ఏడాదే అందులో నటించిన మిషెల్ యో రంగూన్లో దిగితే ప్రభుత్వం వెనక్కి పంపేసింది. కాస్తయినా ఆ దేశంలోనే తీసినవాటిలో 1956 నాటి జపాను చిత్రం 'బర్మీస్ హార్ప్' ఒకటి, అదీ కొద్ది భాగమే.

అనుమతులు దొరక్కపోవడం ఒక కారణం. రెండోది, దాదాపు అన్నీ యుద్ధం కథలు. యుద్ధం కథంటే కొండలు, అడవులు, వాగులు. అంచేత ప్రపంచానికి బర్మా అంటే అడవి. మనవాళ్ళు బతికిన బర్మా అది కాదు. ఓడరేవూ, బియ్యం మిల్లులూ, ఐరావతి డెల్టాలో కనుచూపు మేరా చదునుగా ఉండే వరిచేలూ మనవాళ్ళ బర్మా. యుద్ధానికి ముందు ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ బియ్యం ఎగుమతి చేసిన దేశమది, ఏడాదికి ముప్ఫై లక్షల టన్నుల దాకా. ఆ బస్తాలు మోసిన భుజాల్లో చాలావాటిని అక్కడివాళ్ళు 'కోరంగీ' అని పిలిచేవారు. కాకినాడ పక్కనున్న మన కోరంగి రేవు పేరే అది. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు సమ్మె చేస్తే, దాని తరవాత జరిగిన అల్లర్లలో మనవాళ్ళు ఎందరో చచ్చిపోయారు. ఇంత కథ ఉండి కూడా ఆ డెల్టా తెరమీదికి రాలేదు.

వేరేచోట తీస్తే తప్పా అంటే, కాదు. దక్షిణ ఇటలీ సంగతే చూడండి. 1930ల్లో కార్లో లెవీ అనే రచయితని ముస్సోలినీ ప్రభుత్వం అలియానో అనే కొండపల్లెకి ప్రవాసం పంపింది. ఆయన రాసిన పుస్తకాన్ని 1979లో ఫ్రాంచెస్కో రోసీ సినిమాగా తీసినప్పుడు అలియానోతో సరిపెట్టుకోలేదు, చుట్టుపక్కల ఊళ్ళకీ వెళ్ళాడు. వాటిలో క్రాకో ఒకటి. 1963లో కొండచరియలు జారడంతో జనం ఖాళీ చెయ్యడం మొదలుపెట్టిన ఊరు. మనుషులు లేరు కాబట్టి కరెంటు తీగెల్లేవు, కొత్త కిటికీల్లేవు. ఆ దగ్గర్లోనే ఉన్న మతేరాలో పసోలినీ 1964లో క్రీస్తు కథ తీశాడు, అంటే ఇటలీ ఊరు జెరూసలేం వేషం కట్టిందన్నమాట. పాతకాలం చూపించడానికి పనికొచ్చే ఊళ్ళన్నీ ఇంతే. డబ్బు అందని ఊళ్ళో, జనం వదిలేసిన ఊళ్ళో అయివుంటాయి. లొకేషన్ మేనేజరు అదృష్టం, ఊరి దురదృష్టం.

మన తెలుగులోనూ ఉంది. 2015లో వచ్చిన క్రిష్ 'కంచె'లో మన పల్లెటూరి కుర్రాడు 1944లో ఇటలీలో పోరాడతాడు. ఆ ఇటలీని తీసింది జార్జియా దేశంలో. హాల్లో ఎవరూ "ఇది ఇటలీ కాదు" అని లేచి వెళ్ళిపోలేదు. ఎందుకంటే మన ఇళ్ళల్లో ఇటలీ జ్ఞాపకం ఉన్నవాళ్ళు అరుదు. బర్మా అలా కాదు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ, గోదావరి జిల్లాల్లో ఆ నేల తొక్కినవాళ్ళు లేని ఊరు తక్కువ. జ్ఞాపకం ఉన్నచోట దొంగ లొకేషను పట్టుబడిపోతుంది.

2018 డిసెంబరులో ఆఫీసు పనిమీద బాంకాక్ వెళ్ళినప్పుడు, నాలుగు రోజులు సెలవు పెట్టి ట్వంటే చూసొచ్చాను. యాంగోన్లో పాన్‌సొడాన్ రేవు దగ్గర ఫెర్రీ ఎక్కితే పది నిమిషాల్లో అవతల ఒడ్డు, దాలా. అక్కణ్ణించి గంట ప్రయాణం. దారిలో చెరువు మధ్య ఒక గుడి ఉంది, అందులో కొండచిలువలు తాపీగా కిటికీలకి చుట్టుకుని పడుకుని ఉంటాయి. దాన్ని గురించి ఇంకోసారి.

ట్వంటే పేరు చెబితే ముందు గుర్తొచ్చేది కాలువ. ఐరావతినీ రంగూన్ నదినీ కలుపుతూ తెల్లదొరలు తవ్వించినది, దాదాపు ముప్ఫై అయిదు కిలోమీటర్లు. రెండోది కుండలు. ఓబో అనే కుమ్మరిపేటలో ఒకరు చక్రం తిప్పుతుంటే ఇంకొకరు మట్టిని లేపుతారు. పెద్ద ఇటుక ఆవంలో కట్టెల మంట రోజుల తరబడి మండుతుంది. షెడ్డు లోపల చీకటి, తాటాకులాంటి కప్పు సందుల్లోంచి పొగలో పడే వెలుగు. సెట్టు వేసేవాళ్ళు దీనికి ఎంత ఖర్చు పెడతారో నాకు తెలీదుగానీ, అక్కడ ఊరికే ఉంది.

అక్కడ నిలబడి నేను ఊళ్ళోంచి ఏమేం తీసెయ్యాలా అని లెక్కేశాను. సెల్ టవరు, ప్లాస్టిక్ కుర్చీలు, చైనా మోటారు సైకిళ్ళు. రేకుల కప్పులు కూడా పోవాలనుకున్నాను, పొరపాటు. రేకులు బియ్యం మిల్లులకి అప్పట్లోనే ఉన్నాయి. కాలవలో గుర్రపుడెక్క చూసి ఇది కొత్తదేమో అనుకున్నాను, అదీ పొరపాటే. దాన్ని అరికట్టడానికి 1917లోనే అక్కడ చట్టం చేశారు! పాతకాలం మనమనుకున్నంత శుభ్రంగా ఉండదు.

ఇంకో విచిత్రం. జార్జ్ ఆర్వెల్ అసలు పేరుతో, ఎరిక్ బ్లెయిర్‌గా, 1924లో ఇదే ట్వంటేలో పోలీసు అధికారిగా పనిచేశాడు. పదేళ్ళ తరవాత అచ్చయిన ఆయన 'బర్మీస్ డేస్'కి మాత్రం ఎగువ బర్మాలోని కథా అనే ఊరు ఆధారం. అవును, ఆ ఊరి పేరే కథా. డెల్టా అక్కడా తప్పిపోయింది.

2021 ఫిబ్రవరిలో సైన్యం అధికారం చేజిక్కించుకుంది. ఆ తరవాత అక్కడికి కెమెరాలు పట్టుకెళ్ళి మన కథ తీసుకొస్తామంటే వినడానికి బావుంటుందంతే. మరి ఎవరైనా తీస్తానంటే ఎక్కడ? నా ఓటు కోరంగికే. ఆ మడ అడవులు, ఆ ఉప్పుటేళ్ళు, ఎగువన ధవళేశ్వరం ఆనకట్ట కట్టాక పడవలు తిరిగిన గోదావరి కాలవలు, డెల్టాకి డెల్టా. కాకపోతే కోనసీమ వైపు కెమెరా తిప్పితే కొబ్బరిచెట్లు గుంపులుగా అడ్డం పడతాయి, అవి ఇల్లు పట్టిచ్చేస్తాయి. ఇళ్ళని నేలమీంచి లేపి స్తంభాలమీద కట్టాలి. పైకప్పుకి అక్కడ వాడేది నీటి అంచుల్లో పెరిగే 'దానీ' ఆకు, దానిబదులు తాటాకు వేస్తే దూరంనుంచి సరిపోవచ్చు. కుండలకి మెరుపు పూత ఉండాలి, మన కుండలకి ఉండదు. బర్మా టేకు స్తంభాలకి మాత్రం వెతుక్కోనక్కర్లేదు, మన పాత మండువా లోగిళ్ళలో ఇంకా కొన్ని నిలబడే ఉన్నాయి.

ట్వంటేలో ఫోనుతో తీసిన వీడియో తెచ్చి నాయనమ్మకి చూపించాను. అప్పటికి ఎనభై నిండాయి. కాలవ రాగానే కళ్ళజోడు సర్దుకుంది. ఆవం పొగ రాగానే ఏమీ మాట్లాడలేదు. కాసేపటికి, "ఆ పడవ డబడబలు తీసెయ్, మా కాలంలో తెడ్డే" అంది. ఇంకేం మార్చాలి నాయనమ్మా అని అడిగాను. ఓ ఇంటి మెట్ల దగ్గర ఆపమంది. డిసెంబరు కదా, మెట్లకింద ఎండిన బురద, దానిమీద ఓ కోడి.

"ఈ కోడి ఉండకూడదురా. మూడో మెట్టుదాకా నీళ్ళుండాల. మాయమ్మ దానిమీదే కూచుని బియ్యం కడిగీది."

ఆ మెట్టు ఏ కొలతలో ఉండాలో కూడా చేత్తో చూపించింది. నేను రాసి పెట్టుకున్నాను, మూరకి కాస్త తక్కువ. ఎవరైనా ఆ సినిమా తీసేట్టయితే ఆ కాగితం ఇస్తాను.